తల మారింది.. గుర్రం మారలేదు!

ఒకే గుర్రం. ఒకే కవచం. పక్కన నడిచే కుర్రాడు కూడా దాదాపు అదే. పైన కూర్చున్న మనిషి తల మాత్రం ఒకసారి క్రామ్‌వెల్‌ది, ఇంకోసారి ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీది, మరోసారి ఇంగ్లండ్ రాజు ఒకటో చార్లెస్‌ది. అసలు ముఖమే లేకుండా ఖాళీగా ఉన్న కాపీలు కూడా ఉన్నాయి. ఫొటోషాప్ పుట్టడానికి 300 ఏళ్లకు పైగా ముందు, ఒక రాగి రేకు మీద జరిగిన ఫేస్ స్వాప్ ఇది.

చేసినవాడు పియర్ లొంబార్ట్. ఫ్రాన్స్ నుంచి వచ్చి 1650ల్లో లండన్‌లో పనిచేసిన చెక్కడపు కళాకారుడు. గుర్రం మీద కూర్చున్న ఆ భంగిమ ఆయన సొంతం కాదు. వాన్ డైక్ 1633లో ఒకటో చార్లెస్‌ను గీసిన పెద్ద పెయింటింగ్ నుంచి తీసుకున్నాడు. అంటే ఆ దర్జా అంతా మొదట చార్లెస్‌దే. ఆ చార్లెస్ తల 1649 జనవరి 30న లండన్‌లో గొడ్డలి వేటుకు తెగింది. మరణశిక్ష పత్రం మీద సంతకం పెట్టినవాళ్లలో క్రామ్‌వెల్ ఒకడు. కొన్నేళ్లకే అదే గుర్రం మీద, అదే భంగిమలో క్రామ్‌వెల్ కూర్చున్నాడు! ఆయన పోయాక రాచరికం తిరిగొచ్చింది. రాగి రేకు మీద చార్లెస్ తల కూడా మళ్లీ మొలిచింది.

ఎందుకిలా? పిచ్చి ప్రశ్న. గుర్రం జూలు, కవచం మెరుపు, వెనకాల ఆకాశం చెక్కడానికి నెలలు పడుతుంది. ముఖం మార్చడం అంతకంటే చాలా చిన్న పని. గాలి ఎటు వీస్తే అటు తల పెడితే, అదే రేకుతో మళ్లీ అమ్ముకోవచ్చు.

ఈ ‘తల లేని గుర్రపు రౌతు’ మీద జార్జ్ సోమ్స్ లేయర్డ్ అనే ఆయన 1922లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అంతటితో ఆగలేదు. ఇలా తలలు మార్చిన బ్రిటిష్ రేకుల జాబితాతో 1927లో ఇంకో పుస్తకం వేశాడు. అంటే లొంబార్ట్ ఒక్కడే కాదన్నమాట, ఇది మామూలుగా నడిచిన వ్యాపారం.

సరే, ఇప్పుడు అసలు విషయం. కెమెరా లేని కాలంలో యూరప్ రాజులు, రాణులు, దొరలు ఎలా ఉండేవాళ్లో మనకు తెలియడానికి పెద్ద దిక్కు ఈ అచ్చుబొమ్మలే. పెయింటింగ్ ఒక్కటే ఉంటుంది, అదీ కోటలో. అచ్చుబొమ్మ వందల కాపీలు. ఒక కోట తగలబడినా, ఇంకో ఊళ్లో ఎవరి పుస్తకం మధ్యనో ఒక కాపీ మిగులుతుంది. అందుకే చరిత్రకారులు వీటిని వదలరు. కానీ తల మార్చిన గుర్రం కథ విన్నాక, వీటిని ఎంతవరకు నమ్మాలి అన్న అనుమానం మీకూ వచ్చే ఉంటుంది.

రాగి మీద గీత ఎలా పడుతుంది?

ముందు పని తెలిస్తే మోసం తెలుస్తుంది. నున్నగా మెరుగుపెట్టిన రాగి రేకు తీసుకుంటారు. చేతిలో బ్యూరిన్. సన్నటి ఉక్కు ఉలి, మొన కోసుగా ఉంటుంది, పిడి అరచేతిలో ఇముడుతుంది. దాన్ని సుత్తితో కొట్టరు, అరచేత్తో ముందుకు తోస్తారు. వంపు గీత కావాలంటే ఉలి తిప్పరు, కింద తోలు దిండు మీద ఉన్న రేకునే రెండో చేత్తో తిప్పుతారు. పొడవాటి రాగి పోగు చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. ఇక్కడ ఎరేజర్ ఉండదు, అండూ బటన్ అంతకన్నా ఉండదు.

తర్వాత రేకంతా ఇంకు పూసి, పైపైన తుడిచేస్తారు. గీతల లోపల ఉన్న ఇంకు మాత్రం మిగులుతుంది. తడిపిన కాగితం దాని మీద పరిచి, రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే కాగితం ఆ సన్నటి కాలువల్లోకి దిగి ఇంకును పీల్చుకుంటుంది. నిజమైన ముద్రణ మీద వేలితో రాస్తే గీత కొంచెం ఉబ్బెత్తుగా తగులుతుంది. అంచుల్లో రేకు నొక్కుకున్న గుర్తూ ఉంటుంది. (మ్యూజియంలో రాసి చూడకండి, బయటికి పంపేస్తారు.)

తప్పు జరిగితే? లేదా తల మార్చాలంటే? ఆ చోట రాగిని గీకేస్తారు, నున్నగా రుద్దుతారు. గుంట పడుతుంది కదా, రేకు తిరగేసి వెనక నుంచి సుత్తితో మెల్లగా కొట్టి ఆ భాగాన్ని పైకి తెస్తారు. మళ్లీ కొత్త ముఖం చెక్కుతారు. ఇలా రేకు మారిన ప్రతి దశకూ ‘స్టేట్’ అని పేరు. ఫస్ట్ స్టేట్, సెకండ్ స్టేట్.. మన యాప్‌ల వెర్షన్ నంబర్లలాగే. ఏ వెర్షన్‌లో ఏ తల ఉందో వరసగా పేరిస్తే, అప్పటి రాజకీయం మొత్తం కళ్లకు కడుతుంది.

ఇంకో చిక్కుంది. రేకు మీద ఎలా చెక్కారో కాగితం మీద దానికి అద్దంలో బొమ్మలా వస్తుంది, కుడి ఎడమ అవుతుంది. అందుకే తెలివైనవాళ్లు ముందే తిప్పి చెక్కేవాళ్లు. బద్ధకస్తులు ఉన్నది ఉన్నట్టే దించేసేవాళ్లు. కుడిచేతి వాటం దొర కత్తి ఎడమ నడుముకు వేలాడాలి. కుడివైపు వేలాడుతోందంటే ఎవరో పెయింటింగ్‌నో, వేరే అచ్చుబొమ్మనో చూసి గబగబా కాపీ కొట్టారని అనుమానించొచ్చు. కోటు గుండీలు, గుండె మీద పతకం.. ఇలాంటివన్నీ సాక్షులే.

కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవాలి. లాటిన్‌లో ఉంటాయి. ‘పింక్సిట్’ అని ఉంటే పెయింటింగ్ వేసినవాడు. ‘స్కల్ప్‌సిట్’ అంటే రాగి మీద చెక్కినవాడు. ‘ఎక్స్‌కుడిట్’ అంటే డబ్బు పెట్టి అచ్చువేసి అమ్మినవాడు. సినిమా టైటిల్స్ అనుకోండి. ‘అడ్ వివం’ అని ఉంటే మనిషిని ఎదురుగా చూసి గీసినట్టు. అయితే ఆ మాటను అమ్మకం కోసం ఊరికే తగిలించినవాళ్లూ ఉన్నారు. పచారీ కొట్లో ప్రతి నెయ్యి డబ్బా మీదా ‘స్వచ్ఛమైనది’ అని ఉండదూ, అలాగన్నమాట.

కార్డినల్ గారి డీపీ

1519లో జర్మనీలో కార్డినల్ అల్బ్రెక్ట్ గారికి తన ముఖం రాగి మీద కావాలనిపించింది. బ్రాండెన్‌బర్గ్ రాజవంశం మనిషి, మైంజ్ ఆర్చిబిషప్. పాపపరిహార పత్రాల అమ్మకం గుర్తుందా, 1517లో మార్టిన్ లూథర్‌కు కోపం తెప్పించి పశ్చిమ క్రైస్తవాన్నే చీల్చిన గొడవ? ఆ పత్రాలు ఈయన తరఫునే అమ్ముడయ్యాయి. బొమ్మ చెక్కింది ఇంకెవరో కాదు, ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్.

డ్యూరర్ ఆయనకు రాగి రేకుతో పాటు 200 కాపీలు పంపాడు. ప్రతిగా 200 బంగారు నాణేలు, కోటు కుట్టించుకోడానికి 20 మూరల దాకా డమాస్క్ పట్టుబట్ట వచ్చాయి. ఈ లెక్క డ్యూరర్ తన ఉత్తరంలో స్వయంగా రాసుకున్నాడు. బొమ్మ మీద లాటిన్‌లో ఆయన కళ్లు, బుగ్గలు, నోరు ఇలాగే ఉండేవని, అప్పటికి వయసు 29 అని చెక్కి ఉంటుంది. ‘ఉండేవి’ అన్న ఆ భూతకాలం చూడండి. మనిషి నిక్షేపంలా బతికే ఉన్నాడు, 29 ఏళ్లు. అయినా ఆ బొమ్మను చూసేది తన తర్వాతివాళ్లేనని అప్పుడే తెలుసు వాళ్లకి.

ఆ ముఖంలో అందం ఏమీ లేదు. మెత్తటి గడ్డం, నిద్ర చాలని కళ్లు. డబ్బు తీసుకుని కూడా డ్యూరర్ ఫిల్టర్ వేయలేదు. వేసి ఉంటే మనం ఇవాళ ఆయన్ని నమ్మేవాళ్లం కాదేమో.

ఫ్లెక్సీల కాలం కాదు కానీ..

ఫ్రాన్స్‌లో రాబర్ట్ నాంతెయ్ దగ్గరికి వచ్చేసరికి ఈ పని తారస్థాయికి చేరింది. పద్నాలుగో లూయీ కొలువులో చెక్కడపు కళాకారుడు. జీవితంలో 200కు పైగా ముఖాలు చెక్కాడు, చాలావాటికి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముందు తానే బొమ్మ గీసుకున్నాడు. ఒక్క రాజు గారివే చాలా రేకులు. ఏళ్ల వారీగా పక్కపక్కన పెడితే కుర్ర రాజు బుగ్గలు నిండుతూ, విగ్గు పెరుగుతూ, చూపు బరువెక్కుతూ పోవడం కనిపిస్తుంది. 1660లో రాజు ఒక శాసనం తెచ్చి, చెక్కడం చేతిపని కాదు, కళ అని ప్రకటించాడు. అప్పట్నుంచి చెక్కేవాళ్ల మీద పనివాళ్ల సంఘాల పెత్తనం పోయింది. రాజుకు కళ మీద ప్రేమ ఉండొచ్చు. తన ముఖం ఊరూరా వెళ్లాలన్న ఆశ కూడా ఉండే ఉంటుంది.

ఈ బొమ్మలకు ఇంకో వాడకం ఉండేది. చదివితే నవ్వొస్తుంది. పారిస్‌లో డబ్బున్న కుర్రాడు తన థీసిస్ వాదించే రోజున ఒక పెద్ద కాగితం అచ్చువేయించేవాడు. అందులో థీసిస్ వివరాలు కాస్త, రాజుదో మంత్రిదో నిలువెత్తు దర్పంతో ముఖం బోలెడంత. ఎవరికి అంకితమో వాళ్ల బొమ్మ అన్నమాట. మన ఊళ్లో పుట్టినరోజు ఫ్లెక్సీలో నాయకుడి ముఖం ఇంత, కింద వరసగా స్టాంపు సైజులో కుర్రాళ్లు ఉంటారు చూడండి, దానికి తాత ఇది.

అప్పటి దొరల చెక్కడాల్లో పట్టు మెరుపు, లేసు అల్లిక ఎంత ఖచ్చితంగా ఉంటాయంటే, దుస్తుల చరిత్ర రాసేవాళ్లు ముఖాలు వదిలేసి కాలర్లే చూస్తారు. ముక్కు కాస్త తీర్చిదిద్దినా అడిగేవాడు లేడు, కానీ ఖరీదైన లేసు తప్పు చెక్కితే దొర ఊరుకుంటాడా?

చనిపోయే మనిషి వేళ్లు లెక్కపెడుతుంటే..

అన్ని ముఖాలూ డబ్బిచ్చి చేయించుకున్నవి కావు. సైమన్ ఫ్రేజర్, లార్డ్ లొవాట్.. స్కాట్లండ్ దొర. ఎనభై ఏళ్లకు దగ్గరపడిన ముసలాయన. 1746లో రాజు మీద తిరుగుబాటు ఓడిపోయాక పట్టుబడి లండన్‌కు తరలిస్తున్నారు. దారిలో సెయింట్ ఆల్బన్స్‌లో ఆగినప్పుడు చిత్రకారుడు విలియం హోగార్త్ వెళ్లి ఆయన్ని చూశాడు. లావాటి ఒళ్లు, గుంటనక్క చూపు, వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్న చేతులు. తమ వైపు ఏ తెగకు ఎంతమంది సైనికులో లెక్క చెబుతున్నాడట.

అది ఉలితో కాదు, ఆసిడ్‌తో గీత తినిపించే ఎచింగ్ పద్ధతిలో చేసిన బొమ్మ. అది త్వరగా అవుతుంది. వార్త వేడిగా ఉండగానే ఆగస్టులో మార్కెట్‌లోకి వచ్చేసింది. ధర ఒక షిల్లింగ్. ప్రెస్ రాత్రింబవళ్లు తిరిగినా కాపీలు చాలలేదని చెబుతారు. 1747 ఏప్రిల్ 9న టవర్ హిల్ మీద లొవాట్ తల తీశారు. బ్రిటన్‌లో తల నరికి అమలుచేసిన చివరి మరణశిక్ష అదే.

నాకు మాత్రం వంద మంది రాజుల బొమ్మల కంటే ఈ ఒక్క ముసలాయన ముఖం ఎక్కువ చెబుతుంది. బహుశా ఆయన దీనికి డబ్బివ్వలేదు కాబట్టే.

కత్తెర పట్టిన పెద్దమనుషులు

పుస్తకాల్లో వచ్చే బొమ్మల మీద నమ్మకం పెట్టుకునేముందు ఒక్క మాట. 1493లో న్యూరెంబర్గ్‌లో అచ్చయిన ప్రపంచ చరిత్ర పుస్తకంలో 1,809 బొమ్మలుంటాయి. కానీ వాడిన చెక్క దిమ్మలు 645 మాత్రమే! ఒకే గడ్డం ఒక పేజీలో ఒక రాజు, ఇంకో పేజీలో ఇంకో పండితుడు. అవి చెక్క దిమ్మల అచ్చులు, రాగివి కావు. కానీ అలవాటు అదే. ఎప్పుడో పోయిన రాజుకు ముఖం లేకపోతే ఊహించి పెట్టేయడమే.

1769లో జేమ్స్ గ్రేంజర్ అనే చర్చి ఫాదర్ వచ్చాడు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ జిల్లా, షిప్‌లేక్ అనే ఊరు. దేశ చరిత్రను యుద్ధాల వారీగా కాకుండా ముఖాల వారీగా రాశాడు. రాజుల నుంచి మొదలుపెట్టి, దొరలు, ఫాదర్లు, పండితులు, చివరికి ఏదో వింత వల్ల పేరొచ్చిన మామూలు జనం దాకా తరగతులుగా విడగొట్టి, ఎవరెవరి అచ్చుబొమ్మలు దొరుకుతాయో జాబితా ఇచ్చాడు. పుస్తకంలో బొమ్మలు లేవు, జాబితానే.

అంతే, డబ్బున్నవాళ్లకు పిచ్చి పట్టుకుంది. బొమ్మలు కొని గ్రేంజర్ పుస్తకంలో ఆయా పేజీల మధ్య అంటించడం మొదలుపెట్టారు. క్రికెట్ కార్డులు పోగేసినట్టు. ధరలు పెరిగిపోయాయి. దొరకని ముఖం కోసం పాత పుస్తకాల మొదటి పేజీలు కోసేశారు. పాపం, కోతకు గురైన ఆ పుస్తకాలు కూడా చరిత్రే కదా! ఇలా అంటించే పనికి ఇంగ్లీషులో ఆయన పేరు మీదే ‘గ్రేంజరైజ్’ అన్న క్రియాపదం పుట్టింది. ఆయన మాత్రం 1776లో చర్చిలో ఆరాధన జరిపిస్తూనే కుప్పకూలి పోయాడు.

పిచ్చి వల్ల మేలూ జరిగింది. అలెగ్జాండర్ సదర్లాండ్, ఆయన పోయాక భార్య షార్లెట్, ఇద్దరూ కలిసి రెండు చరిత్ర పుస్తకాలకు బొమ్మలు అంటిస్తూ అంటిస్తూ 61 పెద్ద సంపుటాలు చేశారు. సుమారు 19 వేల అచ్చుబొమ్మలు, చిత్రాలు. అదంతా ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది.

గోల్కొండ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి

మనకేం సంబంధం అంటారా? ఉంది. 17వ శతాబ్దం చివర్లో గోల్కొండలో చిత్రకారులు రాజుల, సేనానుల ముఖాలు సెట్లు సెట్లుగా గీసి యూరప్ వ్యాపారులకు అమ్మేవాళ్లు. డచ్చివాళ్లకు మచిలీపట్నంలో కోఠీ ఉండేది. అలా వెళ్లిన ఒక ఆల్బమ్ ఆమ్‌స్టర్‌డామ్ మేయర్ నికోలాస్ విట్సెన్ చేతికి చేరింది. 49 చిత్రాలు. ఇప్పుడది రైక్స్‌మ్యూజియంలో ఉంది. అవి గీసిన కొద్ది కాలానికే, 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. తానీషా దౌలతాబాద్ ఖైదుకు వెళ్లాడు. కొన్న దొరలు మాత్రం ఆ ముఖాల్ని భద్రంగా దాచారు.

తర్వాత ఫ్రాంస్వా వాలెంటైన్ అనే డచ్ ఫాదర్ 1724 నుంచి 1726 మధ్య తూర్పు దేశాల మీద భారీ గ్రంథం అచ్చువేశాడు. అందులో మొగల్ పాదుషాల బొమ్మలు రాగి చెక్కడాలుగా వచ్చాయి, మన దేశపు చిత్రాలే వాటికి మూలం. మన చిత్రకారుడు నీడ వేయడు. పక్కచూపు, చదునైన రంగు, సన్నటి గీత. డచ్చి చెక్కడంలో గళ్ల గళ్లుగా నీడలు పడి, అదే మనిషి ఒళ్లు చేసినట్టు కనిపిస్తాడు. ముఖం ప్రయాణం చేస్తే యాస మారినట్టు మారుతుందన్నమాట.

పేరు తప్పుగా అతికితే ఇంకా కష్టం. శివాజీ మహారాజ్ అంటూ చాలాకాలం చలామణీ అయిన ఒక ముఖం అసలు ఇబ్రహీంఖాన్ అనే వేరే మనిషిది. పుణెకు చెందిన చరిత్రకారుడు వా.సీ. బేంద్రే 1930ల్లో దాన్ని సరిచేశాడు. శివాజీ 1677లో గోల్కొండ వచ్చి తానీషాను కలిశాడు కదా, ఆయన తొలినాటి చిత్రాల్లో కొన్ని గోల్కొండ చిత్రకారుల చేతివే.

ఆమె వయసు 21

చివరగా ఒక్క బొమ్మ. పేరు కొట్టి వెతకండి, ఫోన్‌లోనే దొరుకుతుంది: పోకహంటస్, 1616, సైమన్ వాన్ డి పాస్.

డిస్నీ సినిమాలో చూసిన అమ్మాయి కాదు. అమెరికాలో వర్జీనియా ప్రాంతపు పౌహటాన్ తెగల పెద్ద కూతురు. ఇంగ్లిష్‌వాళ్లు ఆమెను పట్టుకుని బందీగా ఉంచారు. క్రైస్తవం ఇచ్చి రెబెకా అని పేరు పెట్టారు. పొగాకు పండించే జాన్ రోల్ఫ్‌తో పెళ్లయింది. 1616లో వర్జీనియా కంపెనీ ఆమెను లండన్ తీసుకొచ్చింది. మా వలస ఎంత బాగుందో చూడండి, పెట్టుబడి పెట్టండి అని చెప్పడానికి. అంటే ఆమె బొమ్మ ఒక రకంగా కంపెనీ ప్రకటన.

ఎత్తు టోపీ, గట్టిగా నిలబడ్డ లేసు కాలర్, చేతిలో ఈకల విసనకర్ర. పూర్తిగా ఇంగ్లిష్ దొరసాని వేషం. మన పాత ఫొటో స్టూడియోల్లో కస్టమర్ల కోసం ఒక కోటు తగిలించి ఉంచేవాళ్లు, గుర్తుందా? ఆ కోటు లాంటిదే. కానీ ముఖం జూమ్ చేయండి. ఎత్తైన దవడ ఎముకలు, బిగించిన పెదవులు, మనల్ని సూటిగా చూసే కళ్లు. బట్టలు కంపెనీవి, ముఖం మాత్రం ఆమెదే. అప్పట్లో లండన్‌లో ఒకాయన ఈ అచ్చు కాపీని స్నేహితుడికి పంపుతూ, ఈమె అందగత్తె ఏమీ కాదని వెటకారంగా రాశాడు. తర్వాతెప్పుడో ఈ బొమ్మను చూసి ఎవరో రంగుల్లో పెయింటింగ్ వేస్తే, అందులో ఆమె చర్మం తెల్లబడింది, ముఖం ఇంగ్లిష్ ముఖంలా మెత్తబడింది. రాగి మీద చెక్కినవాడు ఆ పని చేయలేదు.

1617 మార్చిలో తిరుగు ప్రయాణం మొదలైన కాసేపటికే ఆమె జబ్బుపడింది. థేమ్స్ ఒడ్డున గ్రేవ్‌సెండ్‌లో దింపారు, అక్కడే చనిపోయింది. పాతిపెట్టిన చర్చి 1727లో తగలబడింది. సమాధి ఎక్కడో ఇప్పుడు ఎవరికీ తెలియదు. బతికుండగా తీసిన బొమ్మ ఈ ఒక్కటే.

బొమ్మ చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఒక పట్టీ ఉంటుంది. అందులో మహాబలవంతుడైన పౌహటాన్ ప్రభువు కూతురని లాటిన్‌లో చెక్కి ఉంటుంది. లోపల వయసు, 21. పోకహంటస్ అన్న పేరు ఎక్కడా లేదు, అది ముద్దుపేరు. రెబెకా అని ఉంది. కానీ దానికంటే ముందు, మొట్టమొదటి మాటగా, పుట్టింట్లో ఆమె అసలు పేరు ఉంది: మటోకా.